ఆరు శాతం వయొలిన్

సోమవారం పొద్దున్న ఆమె పది వేళ్ళూ కీబోర్డు మీద పరిచి, కుడికాలితో పెడల్ తొక్కిపట్టి, తెర మూలన కంప్యూటర్ మీద పడే బరువు చూపించే చిన్న మీటరు వంకే చూస్తూ కూర్చుంది. మీటరు అరవై దాటింది, ఎనభై దాటింది, ఎర్రబడింది. స్పీకర్లలోంచి వస్తున్న పియానో తడి కట్టెలా చిటపటలాడి ఠక్కున ఆగిపోయింది.

"చచ్చావా? చావు" అంది ఆమె. తర్వాత మనసొప్పక కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది.

ఆ పెట్టెకి స్టూడియోలో పెద్దమ్మ అని పేరు. పన్నెండేళ్ళ నుంచీ అదే బల్ల కింద ఉంటోంది. పెద్దమ్మ లేచిందా, ఇవాళ ఒంట్లో ఎలా ఉంది అని అడక్కుండా ఎవరూ పని మొదలుపెట్టరు. పోయిన వారం దాని హార్డ్ డిస్క్ పోయింది. దాంతోపాటు ఆమె ఏళ్ళ తరబడి పోగేసుకున్న వాయిద్యాలన్నీ పోయాయి. వాయిద్యాలంటే చేత్తో పట్టుకునేవి కావు. కంప్యూటర్లోనే ఉండి, మీట నొక్కితే పియానోలానో వేణువులానో పలికే ప్రోగ్రాములు. కొత్త డిస్క్ వేయించిన రోజునే యజమాని గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పేశాడు.

"కొత్త కంప్యూటర్ ఊసెత్తకమ్మా. దీంట్లో నడిచేవే ఏరుకో. పియానో, బేస్, డ్రమ్స్, వేణువు. కుదిరితే వయొలిన్ కూడా. శుక్రవారం నాటకం ఆగకూడదు."

ఆ స్టూడియోలో ప్రతి శుక్రవారం ఒక రేడియో నాటకం రికార్డవుతుంది. మాటలు పొద్దున్న, సంగీతం మధ్యాహ్నం. సంగీతమంతా ఆమే కంప్యూటర్లో వాయిస్తుంది, వయొలిన్ ఒక్కటి మాత్రం మాస్టారు వచ్చి వాయిస్తారు. కుదిరితే అన్న మాట ఆమె చెవికి మామూలుగానే వినబడింది. అక్కడే ఆగి, ఎందుకు సార్ అని ఒక్క ముక్క అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. పని దొరికితే ఆమెకి మరేదీ కనబడదు, అదొక జబ్బు.

ఈ రోజుల్లో వచ్చే వాయిద్యాలన్నీ తిండిపోతులు. అసలు పియానో మీద ఒక్కో స్వరాన్నీ రికార్డు చేసి మూటగట్టి ఇస్తారు. ఆ మూట విప్పడానికే పెద్దమ్మకున్న రెండు జీబీల మెమరీ చాలదు. అలాంటివాటిని ఆమె ఒకటొకటిగా ఎక్కించి, పది వేళ్ళ పరీక్ష పెట్టి, తిట్టి, తీసిపారేసింది. రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీసుకుంది. పేరు, ఎంత తింటోంది, చెవికి ఎలా ఉంది. మూడో గడిలో ఆమె రాసుకున్న మాటలు చదివితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఒకటి రేకు డబ్బా, ఒకటి జలుబు చేసిన వేణువు, ఒకటి పెళ్ళాం మీద అలిగినవాడు.

నడిచేవి రెండో రకం. వాటిలో రికార్డు చేసిన స్వరాలేవీ ఉండవు, శబ్దాన్ని అప్పటికప్పుడు లెక్క కట్టి పుట్టిస్తాయి. అచ్చం పియానోలా ఉండవు గానీ పెద్దమ్మకి అరుగుతాయి. వాటి నగిషీలు కూడా ఒలిచేసింది. ఒక్కోదానికీ విడిగా ఉన్న ప్రతిధ్వని కట్టేసి, అందరికీ కలిపి ఒక్కటే పెట్టింది. ఒకేసారి ఎనిమిది స్వరాలకి మించి పలక్కుండా కళ్ళెం వేసింది. సోమవారం సాయంత్రానికి పియానో, బేస్, డ్రమ్స్, వేణువు కుదురుకున్నాయి. నాలుగూ కలిపి వాయిస్తే మీటరు నలభై దగ్గర నిలబడింది.

మంగళవారం వయొలిన్. ఆరేడు ప్రయత్నించింది, అన్నీ ముక్కుతో మూలిగాయి. ఆఖరికి ఎప్పుడో ఎవరో తయారుచేసి ఉచితంగా పెట్టి, ఆపైన పట్టించుకోకుండా వదిలేసినది ఒకటి దొరికింది. బూడిద రంగు కిటికీ, ఆరు గుండ్రటి బొత్తాలు, అంతే. వట్టిగా వాయిస్తే చెవి దగ్గర దోమ. ఆమె రెండు దోమల్ని తీసుకుని, ఒకదాని శ్రుతి ఇంకోదానికంటే వెంట్రుకవాసి పక్కకి జరిపింది. స్వరం మెల్లగా మొదలయ్యేలా చేసింది. పైన కీచుగా ఉన్నదంతా కోసేసింది. ప్రతిధ్వని కాస్త కలిపి, నాటకం మొదట్లో వచ్చే పాత బాణీ వాయించింది.

ఒళ్ళు ఝల్లుమంది. మీటరు చూస్తే ఆ వయొలిన్ తింటున్నది ఆరు శాతం. ఆరంటే ఆరు! ఆమె తనలో తనే నవ్వుకుని మళ్ళీ వాయించింది. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పనేలేదు.

తలుపు తోసుకుని యజమాని వచ్చాడు. "ఏంటి, మాస్టారు ఇవాళే వచ్చేశారా?"

"మాస్టారు కాదు సార్, పెద్దమ్మ" అంది ఆమె, మొహమంతా వెలిగిపోతూ.

అతను కుర్చీ వీపు పట్టుకుని రెండుసార్లు విన్నాడు. "భలే పని చేశావే! నిజం చెప్పొద్దూ, ఈమధ్య మాస్టారి వాయింపు కంటే ఇదే నిలకడగా ఉంది." మూడోసారి కూడా విని, పెన్ను జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "అయితే శుక్రవారం ఆయనకి ఫోన్ చెయ్యక్కర్లేదులే. పాపం ఆ వయసులో మూడంతస్తులు ఎక్కి వస్తున్నారు. ఇకనుంచీ హాయిగా ఇంటిపట్టున ఉంటారు."

అతను వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. ఆ చివరి మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మెచ్చుకుంటే చాలు పొంగిపోతానని ఆమెకి తెలుసు, కానీ ఇంత గుడ్డిగా పొంగిపోతానని తెలీదు. నేనెంత తెలివితక్కువదాన్ని అని పైకే అంది. ఆ గదికి వినబడదు. కింద పరుపుల దుకాణం వాడిచ్చిన తుక్కు పరుపులు నాలుగు గోడలకీ కొట్టి ఉన్నాయి, ఏ మాటైనా మింగేస్తాయి.

*

బుధవారం పొద్దున్న వదిన బీన్స్ తుంపుతూ ఆమె చెప్పిందంతా విన్నది. వదిన రెండు చేతులూ ఆగకుండా పనిచేస్తాయి, నోరు కూడా అంతే.

"అయితే ఆ సాఫ్ట్‌వేర్ పనికిరాలేదని చెప్పేసెయ్. పోయిందేముంది?"

"నిన్న ఆయన చెవులతో ఆయనే విన్నాడు వదినా."

"నిన్న నడిచింది ఇవాళ నడవదా ఏంటి? మన మిక్సీ అంతేగా."

"నాకు అబద్ధం చెప్పడం రాదు."

"నీకు నిజం చెప్పడం మాత్రం వచ్చేడిసిందా? మాస్టారి పొట్ట కొడుతున్నావని తెలీకుండానే కొట్టొచ్చావు." ఆ మాట అన్నాక వదిన నాలిక కరుచుకుంది. "ఊరికే అన్నాలే. వెళ్ళు, బస్సు పోతుంది."

ఆమె బస్సులో నిలబడి ఆ మాటే నమిలింది. పదమూడో ఏట స్వరాలు కాగితం మీద రాయడం నేర్పింది మాస్టారు. తప్పు రాసినప్పుడు కొట్టేవారు కాదు, ఆ తప్పుని వయొలిన్ మీద వాయించి వినిపించేవారు. ఎలా ఉందో నువ్వే విను అనేవారు. అంతకంటే నాలుగు దెబ్బలు నయం.

కంప్యూటర్లో శబ్దం సెట్టింగుల్లో ఒక అంకె ఉంటుంది. శబ్దాన్ని ఎంత ముందుగా సిద్ధం చేసి పెట్టుకోవాలో చెప్పే అంకె. అది పెద్దదైతే పెద్దమ్మ నింపాదిగా పనిచేసుకుంటుంది. మరీ చిన్నదైతే ఉరుకులు పరుగులు పెట్టి, మధ్యలో ముక్కలు జారవిడుస్తుంది. ఆ అంకె అయిదు వందల పన్నెండు మీద ఉంది. ఆమె దాన్ని ముప్పై రెండు చేసి, యజమానిని పిలిచింది.

బాణీ నాలుగు అడుగులు నడిచి పటపటమని పగిలింది.

"అదేంటి? నిన్న శుభ్రంగా ఉందిగా!"

"నిన్న ఒక్కటే వాయించాం కదా సార్. అన్నీ కలిపేసరికి పెద్దమ్మ తట్టుకోలేకపోతోంది." అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అతను గడ్డం గోక్కున్నాడు. ఇంకోసారి వినిపించమన్నాడు. ఇంకోసారీ పగిలింది. "ఖర్మ. సరే, మాస్టారికి చెప్పు రమ్మని."

అతను వెళ్ళాక ఆమె అంకెని మళ్ళీ అయిదు వందల పన్నెండు చేసింది. ఆ బూడిద రంగు వయొలిన్ని మాత్రం తీసెయ్యలేకపోయింది. పుస్తకంలో దాని మూడో గడి ఖాళీగా వదిలేసింది.

*

గురువారం సాయంత్రం అయిదింటికి స్వరాల కాగితం ఇవ్వడానికి తనే మాస్టారింటికి వెళ్ళింది. ఫోన్లో పంపితే ఆయనకి కనబడదు. మెట్ల మీదుండగానే వయొలిన్ వినబడింది. పాత బాణీయే. అయిదో వరసలో పైకి వెళ్ళే చోట స్వరం అందాల్సినంత అందలేదు. ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ అక్కడే కిందకి జారింది. ఆమె మూడోసారి వినకూడదనుకుని గబగబా ఎక్కి తలుపు కొట్టింది.

మాస్టారి భార్య పిన్నిగారు తలుపు తీసి, లోపలికి పిలవడానికి ముందే గొంతు తగ్గించి అడిగారు. "రేపుంది కదా?"

"ఉంది పిన్నిగారూ."

"హమ్మయ్య. శుక్రవారం ఉందంటేనే ఆయన మనిషి. వారమంతా దానికోసమే సాధన. మిగతా చోట్ల నుంచి ఫోన్లు రావడం మానేశాక రెండు నెలలు మంచం దిగలేదమ్మా, నీకు తెలీదు. స్నానం చెయ్యమన్నా ఎందుకే అనేవారు."

లోపల మాస్టారు ఎడమచెయ్యి తుండుగుడ్డ కింద దాచుకుని కూర్చున్నారు. గదిలో నొప్పుల నూనె వాసన. కిటికీ కమ్మీకి రేపటి చొక్కా, ఇస్త్రీ చేసి, తగిలించి ఉంది.

"ఏమ్మాయ్, మీ పెద్దమ్మ బతికే ఉందా?"

"ఉంది మాస్టారూ. గుండె మార్చారు."

"అదృష్టవంతురాలు. నాకెవరు మారుస్తారు?" అని నవ్వి, కాగితం కుడిచేత్తో అందుకుని దూరంగా పట్టుకుని చూశారు. "అయిదో వరస అలాగే ఉంచావన్నమాట."

"కిందకి మార్చమంటారా? అక్కడ కింది స్వరం ఉన్నా బాగానే ఉంటుంది."

"ఎందుకు మార్చడం?" అన్నారు ఆయన. నవ్వు పోయింది. "బాణీ అక్కడికి వెళ్ళాలనుకుంటోంది, వెళ్ళనీ."

ఆమె టీ చల్లారేదాకా కూర్చుని, సగం తాగి లేచింది.

*

శుక్రవారం మాస్టారు మూడంతస్తులూ ఎక్కి వచ్చి, అద్దాల గదిలో కూర్చుని అయిదు నిమిషాలు ఊపిరి తీసుకున్నారు. తర్వాత చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపారు.

మొదటి నాలుగు వరసలు ఎంత బాగా వాయించారంటే, అద్దానికి ఇవతల యజమాని వేలితో బల్ల మీద తాళం వేశాడు. అయిదో వరసలో చిటికెనవేలు పైకి పాకింది, స్వరం చేరలేదు. రెండోసారి ఇంకా కిందే ఆగింది. మూడోసారి అందింది కానీ వణికింది. యజమాని తాళం ఆపేశాడు. ఆమె వైపు చూశాడు. ఫోన్ మోగితే బయటికి వెళ్ళాడు.

ఆమెకి అయిదు నిమిషాలున్నాయి. ఆలోచించలేదు. మూడోసారి వాయించింది తీసుకుని, దాని కింద బూడిద రంగు వయొలిన్‌తో అదే బాణీ పరిచింది. మొదట్లో పావు వంతు, అయిదో వరస వచ్చేసరికి ముప్పావు. మాస్టారి వయొలిన్ని అక్కడ వినబడనంతగా తగ్గించింది. చేతులు వాటంతటవే పనిచేశాయి.

యజమాని వచ్చాడు. "ఏదీ, ఏమైనా దక్కిందా?"

వినిపించింది. అతను మొదట తల పంకించాడు, అయిదో వరస దాటాక చప్పట్లే కొట్టాడు. "ఆహా! మనిషి మనిషేనమ్మా. ఎన్ని మిషన్లు వస్తే మాత్రం ఏం లాభం?" అంటూ పొద్దుటి నటులు ఎవరో కింద ఇంకా ఆగారని మెట్లు దిగాడు.

అప్పుడు ఆమె అద్దంలోంచి చూసింది. మాస్టారు హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఎడమ చెవి మీద చెయ్యి అదిమి పట్టుకుని, తల వంచి కూర్చున్నారు. పెద్దమ్మకి శబ్దం బయటికొచ్చే దారి ఒక్కటే. యజమాని స్పీకర్లకి వెళ్ళే వైరే రెండుగా చీలి ఆయన చెవులకీ వెళ్తుంది. కొత్తవాళ్ళయితే వైర్లు చూసుకుని పని చేస్తారు. ఇరవయ్యేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళకే ఇలాంటి మతిమరుపు.

మాస్టారు అద్దాల గదిలోంచి వచ్చి పక్క కుర్చీ లాక్కున్నారు.

"ఆ రెండోవాడెవరు?"

"ఎవరూ లేరు మాస్టారూ. ప్రతిధ్వని కొంచెం ఎక్కువ పెట్టాను."

"నేను కమాను అటు నుంచి ఇటు తిప్పిన చోట శబ్దం తెగలేదమ్మాయ్. అంత పొడుగు కమాను ఎవరి దగ్గరుంది?"

ఆమె తెర వైపు తిరిగింది.

"వాణ్ణి తీసేసి నన్నొక్కణ్ణే వినిపించు."

"వద్దు మాస్టారూ."

"వినిపించమన్నానా?"

వినిపించింది. ఆయన కళ్ళు మూసుకోలేదు, తెర మీద కదులుతున్న గీతనే చూస్తూ మొత్తం విన్నారు. అయిదో వరసలో ఆయన పెదవి ఒకవైపుకి లాగింది. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఇప్పుడు నన్ను తీసెయ్."

బూడిద రంగు వయొలిన్ ఒక్కటే వాయించింది. బాణీ ఎక్కడా పడిపోలేదు, శుభ్రంగా పైదాకా వెళ్ళి దిగింది.

"ఇదెంత తింటుంది?"

"ఆరు శాతం."

"నాకు రెండు పూటలా కావాలి." నవ్వించడానికే అన్నారు. ఆమెకి ఏడుపొచ్చింది. "మాస్టారూ, మీకోసమే చేశాను. నిజంగా."

"తెలుసు. అందుకే కోపంగా ఉంది. ఆ యజమాని చేసుంటే ఇంత ఉండేది కాదు." ఆయన గొంతు పెంచలేదు. "చిన్నప్పుడు నువ్వు తప్పు రాస్తే దాచానా? వినిపించేవాణ్ణి కదా. నా తప్పు నాకు వినిపించడానికి నీకేమైంది?"

ఆమె ముక్కు తుడుచుకుంది. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"సరే. ఉన్నదాన్నైనా సరిగ్గా చెయ్యి. ఇదేం వాయింపు? ఊపిరే తీసుకోదు. ఇక్కడ, ఈ రెండో వరస చివర కమాను తిరగాలి. తిరిగేటప్పుడు రవ్వంత తగ్గాలి. తగ్గించు."

ఆమె మౌస్‌తో గీత కిందకి లాగింది.

"అంత కాదు, తుమ్మినట్టుంది. ఆఁ, అదీ. ఇక్కడ స్వరం పడీ పడగానే ఊగకూడదు. ముందు నిలబడాలి, తర్వాత ఊగాలి. కాళ్ళు కుదురుకోకుండా ఎవడైనా ఊగుతాడా, తాగుబోతు తప్ప?"

రెండు గంటలు అలా గడిచింది. ఆయన తెర మీద గోరుతో చూపిస్తారు, ఆమె సరిచేస్తుంది, ఇద్దరూ వింటారు. కొన్నిచోట్ల మాటల్లో చెప్పలేక ఆయన ఖాళీ చేతుల్తో గాల్లోనే వాయించి చూపించారు. కుడిచెయ్యి తిరిగిన ప్రతిచోటా ఆమె ఒక చుక్క పెట్టింది. అయిదో వరసలో గాలి మీద ఆయన చిటికెనవేలు తిన్నగా వెళ్ళి వెళ్ళాల్సిన చోటే పడింది. ఆమె చూసింది. ఆయన కూడా చూసుకున్నారు, వెంటనే చెయ్యి ఒళ్ళోకి తీసేసుకున్నారు.

అంతా అయ్యాక అడిగారు. "నేను వాయించింది ఇందులో ఇంకా ఉందా?"

"ఉంది. వినబడకుండా కట్టేశాను."

"తీసేసే మీట ఏది?"

"ఉండనివ్వండి మాస్టారూ, దాని దారిన అది ఉంటుంది."

"పెద్దమ్మకి ఎందుకు బరువు?" అంటూ ఆయనే వేలు చాపారు. ఆమె చూపించక తప్పలేదు. తెర మీద ఒక పొడుగాటి గీత పోయి, ఆ చోట తెల్లగా మిగిలింది.

యజమాని మెట్లెక్కి వచ్చేసరికి అయిదు దాటింది. సిద్ధమైన బాణీ వింటానని కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి తాళం వెయ్యలేదు, కదల్లేదు.

"మాస్టారూ, ఈ పదేళ్ళలో మీరిలా వాయించగా నేను వినలేదు. ఇందాక వినిపించింది దీని ముందు దిగదుడుపు." అతను లేచి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మంగళవారం బుద్ధి గడ్డి తిని, మిమ్మల్ని మాన్పిద్దామనుకున్నాను. క్షమించాలి. ఏమ్మా, వచ్చే శుక్రవారం కూడా రమ్మని ఇప్పుడే చెప్పేసెయ్. ఎప్పుడూ ఆయనే వాయించాలి."

ఆమె నోరు తెరిచింది. నిజం చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో రెండూ కళ్ళకి కట్టాయి.

"వచ్చే వారం నేను రానవసరం లేదు బాబూ" అన్నారు మాస్టారు. "ఇవాళ కూడా అవసరం లేకపోయింది. ఇప్పుడు నువ్వు విన్నది ఆ బల్ల కిందున్నావిడ. కావలసిందంతా అమ్మాయికి చెప్పేశాను, ఇక ఎప్పుడూ ఇలాగే వాయిస్తుంది."

యజమాని ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. పట్టుకున్న చేతులు మెల్లగా వదిలేశాడు. అయ్యో అనాలో, హమ్మయ్య అనాలో తెలీని మొహంతో, నీళ్ళు తాగొస్తానని బయటికి వెళ్ళాడు.

"చూశావా, నేను లేకపోతే ఎంత బాగా వాయిస్తానో" అన్నారు మాస్టారు.

ఆయన వయొలిన్ పెట్టె తెరిచి, తీగల మీది తెల్లటి పొడి గుడ్డతో తుడిచారు. కమాను వెంట్రుకలు వదులు చేశారు. అది వాయించిన ప్రతివాళ్ళూ చేసే పనే. తర్వాత బిరడాల మీద చెయ్యి వేసి ఒకటొకటే వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. నాలుగు తీగలూ మూలిగి, శ్రుతి దిగి, వదులై వేలాడాయి. రేపు మళ్ళీ తీసి వాయించేవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. ఆమెకి తెలుసు, నేర్పింది ఆయనే. మాస్టారూ అని పిలిచింది.

ఆయన పెట్టె మూసి, కొక్కేలు రెండూ వేశారు.

"ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ పిన్నిగారితో ఈ సంగతి అనకు" అన్నారు. "వచ్చే శుక్రవారం కూడా చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుంది. తొడుక్కుని బయల్దేరతాను. సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చుంటాలే."